నిమ్మతోటలో తెగుళ్లు: ముందు మొదలు చూడండి, ఆకు సంగతి తర్వాత

నిమ్మచెట్టు బాగాలేదని ఎవరైనా తోటకు పిలిస్తే నేను ముందు వంగి మొదలు చూస్తాను. పాదులో గడ్డీ ఎండాకూ పక్కకు లాగి, మట్టి నుంచి మూరెడు ఎత్తు దాకా బెరడును చేత్తో తడుముతాను. బంక కారిందా, బెరడు మెత్తబడిందా, పగిలిందా, గోటితో గీరితే లోపల పచ్చగా ఉందా లేక గోధుమరంగుకు తిరిగిందా చూస్తాను. వానొస్తే ఏ పక్క నీళ్లు నిలుస్తాయో అడుగుతాను. ఆకుల దగ్గరికి ఆ తర్వాతే వస్తాను. మా నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఆకు పసుపెక్కగానే ఒక రెమ్మ విరిచి, బండి మీద పెట్టుకుని మందుల షాపుకు పోతారు. షాపతను ఆ రెమ్మను చూసి రెండు మూడు డబ్బాలు ఇస్తాడు. అవి తెచ్చి ఆకుల మీద కొడతారు. చెట్టు మాత్రం కింద మొదట్లో చస్తా ఉంటుంది.

మాది నాలుగెకరాల నిమ్మ. ఎక్కువ భాగం ఎర్రనేల, దిగువన కొంత నల్లమట్టి కలిసిన జాగా. సగం చెట్లు మా మామ పెట్టినవి, సగం మేం పెట్టినవి. మా ఆయన ట్రాక్టర్ బాడుగలకు పోతాడు కాబట్టి తోట పని మొత్తం నా మీదే. మందు కొలవడం, కలపడం, కూలోళ్ల పక్కన నిలబడి కొట్టించడం అన్నీ నేనే చూసుకుంటాను. ఇక్కడ రాసేది చేసి చూసిందే. వెంకటగిరి దగ్గర పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానంలో అడిగి తెలుసుకున్నది కూడా ఇందులో ఉంది. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, బాగా కాస్తున్న తోటను తెగులు పేరుతో జేసీబీ పెట్టి పెరికేస్తుంటే నేను చూశాను. ఆ చెట్లలో చాలావాటి మొదళ్లు ఇంకా గట్టిగా ఉన్నాయి. అవి బతికుండేవి.

బంక తెగులు

మన నేలలో నిమ్మకు మొదటి శత్రువు నిలవ నీరు. నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. తుపాను పడిందంటే తోటలో రోజుల తరబడి నీళ్లుంటాయి. 2020 నవంబరులో నివర్, 2021 నవంబరులో పెన్నకు వరద తెచ్చిన వానలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ మనమంతా చూసినవే. నీళ్లు తీసేశాక చెట్టు పచ్చగానే ఉంటుంది, ఏం కాలేదనుకుంటాం. దెబ్బ బయటపడేది ఎండాకాలంలో. మార్చి, ఏప్రిల్ ఎండలకు చెట్టు వాడితే నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పెడతాం. అప్పటికే బెరడు కుళ్ళుతున్న చెట్టుకు ఆ నీళ్లే కీడు చేస్తాయి.

దీనికి కారణం మట్టిలో ఉండే ఫైటోఫ్తోరా. బూజు లాంటి జీవి. నేల తడిగా ఉండి నీరు నిలిచినప్పుడు దాని బీజాలు ఆ నీళ్లలోనే ఈదుకుంటూ వచ్చి బెరడుకు అంటుకుంటాయి. పార తగిలిన గాయమో, నాగలి గీసిన గీతో ఉంటే లోపలికి పోవడం ఇంకా సులువు. బెరడు తడిసినట్టు నల్లబడుతుంది, పగులుతుంది, పగుళ్ల నుంచి బంక కారుతుంది. వాన కాలంలో ఆ బంక కరిగిపోతుంది కాబట్టి బంక లేదని తెగులు లేదనుకోకండి, గోటితో గీరి చూడాల్సిందే. కుళ్ళు మాను చుట్టూ తిరిగి కలిసిపోతే చెట్టు దక్కదు. సగం చుట్టుకన్నా తక్కువ ఉంటే మాత్రం నేను వదిలిపెట్టను.

పని ఇట్టా చేయండి. వాన లేని రోజు చూసి మొదలు చుట్టూ మట్టి తీసేసి, పెద్ద వేళ్లు మొదలయ్యే చోటు కనబడేలా చేయండి. పదునైన కత్తితో కుళ్ళిన బెరడంతా చెక్కండి. కుళ్ళు అంచు దాటి కాస్త మంచి బెరడు కూడా తీయాలి, లేకపోతే అంచులో మిగిలింది మళ్లీ పాకుతుంది. చెక్కిన పెచ్చులు పాదులో పడనివ్వకండి. కింద గోనెపట్టా పరిచి, ఏరి, తోట బయట కాల్చేయండి. గాయం ఒక పూట ఆరాక బోర్డో పేస్టు పూయండి. ఆ తర్వాత మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరు నీటికి 2.5 గ్రాముల చొప్పున కలిపి పాదు తడిసేలా పోయండి. పెద్ద చెట్టుకు 10 లీటర్లకు తగ్గితే లోపలి వేళ్లకు అందదు. ఇదే మందును మీద కొట్టి పాదును వదిలేస్తే డబ్బు దండగ.

బోర్డో పేస్టు షాపులో రెడీమేడ్‌గా దొరికినా నేను ఇంట్లోనే చేస్తాను. కష్టమేమీ కాదు కానీ వరస తప్పకూడదు. కావలసింది మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 1 కిలో, మంచి రాతి సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్లు. ఇనుప బకెట్టు, రేకు డబ్బా వాడొద్దు, మైలుతుత్తం వాటిని తినేస్తుంది. రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకోండి. మైలుతుత్తాన్ని పలచటి గుడ్డలో మూట కట్టి, 5 లీటర్ల నీళ్లలో పైపైన మునిగేలా రాత్రి వేలాడదీస్తే పొద్దునకు మొత్తం కరిగి ఉంటుంది. అడుగున పడేస్తే సగం రాయిలాగే ఉండిపోతుంది. రెండో బకెట్టులో సున్నం మీద కొంచెం కొంచెం నీళ్లు చల్లి విరగనిచ్చి, తర్వాత మిగతా నీళ్లు పోసి, గుడ్డలో వడగట్టండి. సున్నం ఉడికేటప్పుడు మొహం మీదికి వంగకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఇప్పుడు మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి కర్రతో కలుపుతూ పోయాలి. నీలంగా, చిక్కగా వస్తుంది. ఒక ఇనుప కత్తిని నిమిషం సేపు అందులో ముంచి తీయండి. కత్తి మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాల్లేదని అర్థం, ఇంకొంచెం సున్నం నీళ్లు కలపండి. పూత పడకపోతే సరిపోయినట్టే. చేసిన రోజే వాడాలి, మర్నాటికి పనికిరాదు.

తెగులు లేని చెట్లకు కూడా వానలకు ముందు ఒకసారి, వానలు వెనక్కి పోయాక ఒకసారి, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఈ పేస్టు పూస్తాను. కూలి ఖర్చు ఉంటుంది, కాదనను. ఒక కాసే చెట్టు పోతే దాని బదులు పెట్టిన మొక్క కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్కేసుకుంటే ఆ కూలి ఎక్కువ అనిపించదు.

నీళ్లు పెట్టే పద్ధతి మార్చకుండా పై పనులన్నీ చేసినా మళ్లీ మొదటికే వస్తుంది. ఒకే పాదు చేసి, మొదలు నానేలా నీళ్లు కట్టడం మానేయండి. చెట్టు చుట్టూ రెండు గట్లు వేయండి. లోపలి గట్టు మొదలుకు అడుగున్నర దూరంలో, దాని లోపల మట్టి కాస్త ఎత్తుగా, మాను నుంచి బయటికి వాలుగా ఉండాలి, కానీ బెరడును కప్పకూడదు. బయటి గట్టు కొమ్మల నీడ చివర. నీళ్లు ఈ రెండు గట్ల మధ్యే పారాలి. నీళ్లూ ఎరువూ పీల్చుకునే సన్న వేళ్లు, అంటే మేత వేళ్లు అక్కడే ఉంటాయి కాబట్టి చెట్టుకేమీ తక్కువ కాదు. ఒక చెట్టు పాదు నుంచి ఇంకో చెట్టు పాదులోకి నీళ్లు పారనివ్వకండి, తెగులు ఆ నీళ్లతోనే నడిచిపోతుంది. సాళ్ల మధ్య ఒక కాలవ తీసి ప్రతి పాదుకూ పక్క నుంచి మడవ పెట్టుకోండి. డ్రిప్పు ఉన్నవాళ్లు నీటి చుక్క మాను దగ్గర పడకుండా గొట్టాన్ని దూరం జరపండి. చెట్టు చిన్నప్పుడు మొదట్లో పెట్టిన డ్రిప్పర్ పదేళ్లయినా అక్కడే ఉన్న తోటలు చాలా ఉన్నాయి. వానాకాలానికి ముందే తోట దిగువన మురుగు కాలవ తవ్వించండి. మా నల్లమట్టి జాగాలో తోటను నిలబెట్టింది ఆ కాలవే.

ఎండుకుళ్ళు

ఇది ఇంకా మోసకారి. చెట్టు ఒక ఏడు మామూలుకన్నా విపరీతంగా పూసి కాస్తుంది. మనం సంతోషపడతాం. కాయ పెద్దది కాకముందే ఆకులు వాలి, పసుపెక్కి, రాలి, కాయలు చెట్టునే వేలాడుతుండగా కొమ్మలు ఎండిపోతాయి. మందు కొట్టే వ్యవధి కూడా ఉండదు. వేరు తవ్వి చూస్తే బెరడు ఊడి వస్తుంది, చెడు వాసన వస్తుంది, లోపలి కర్ర రంగు మారి ఉంటుంది. ఫ్యుజేరియం లాంటి మట్టి శిలీంధ్రాలు చేసే పని ఇది. చెట్టు ఏదో కారణంతో నీరసపడి ఉంటేనే ఇవి గెలుస్తాయి. నీటి ఎద్దడి తర్వాత ఒక్కసారిగా నిండా తడి పెట్టడం, వేసవి కాయకు మంచి ధర ఉంటుందని చెట్టును అతిగా ఎండబెట్టి పూత రప్పించడం, కొమ్మల కింద లోతుగా దున్ని వేళ్లు తెంపడం, పశువుల ఎరువు ఏళ్ల తరబడి వేయకపోవడం, ఇవన్నీ దీనికి దారి ఇస్తాయి. నిమ్మలో మిరప, టమాటా, వంగ అంతరపంటగా పెట్టకండి. పెసర, మినుము, అలసంద వేసుకోండి, నేలకూ మేలు.

పూర్తిగా వాలిపోయిన చెట్టును కాపాడలేం. వేళ్లతో సహా తీసి కాల్చండి. దాని చుట్టుపక్కల చెట్ల మీదే మన పని ఉంటుంది. నేను ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాను. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 1 కిలో ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, చేత్తో పిడికిలి పడితే ముద్దకట్టేంత తడి చల్లి, చెట్టు నీడలో కుప్ప పోసి గోనెపట్టాలు కప్పండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. 15 రోజులకు కుప్పంతా బూజు పట్టి ఉంటుంది. దాన్ని చెట్టుకు 5 నుంచి 10 కిలోల చొప్పున, మొదలుకు దూరంగా, మేత వేళ్లున్న చోట వేసి పైపైన మట్టిలో కలిపి తడి ఇవ్వండి. ఏటా వేయాలి. పొడి కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, ఎండలో పెట్టిన ప్యాకెట్ తీసుకోకండి. అందులో ఉన్నది బతికున్న శిలీంధ్రం. అదే కారణంగా, పాదులో రాగి మందో మరో శిలీంధ్రనాశినో పోసి ఉంటే కనీసం మూడు వారాలు ఆగి ఇది వేయండి.

గజ్జి తెగులు

గజ్జి చెట్టును చంపదు, మన ఆదాయాన్ని చంపుతుంది. రసానికి ఏ లోటూ లేకపోయినా గజ్జి కాయను మార్కెట్లో వేరు చేసి తక్కువకు పాడతారు. ఇది బ్యాక్టీరియా తెగులు. ఆకుల మీదా, లేత కొమ్మల మీదా, కాయల మీదా గరుకుగా లేచిన మచ్చలు, ఆకు మీదైతే చుట్టూ పసుపు వలయం ఉంటుంది. వాన చినుకులు పాత మచ్చల మీద పడి ఎగిరితే ఆ తుంపరతో కొత్త చిగురుకు అంటుతుంది. గాలివాన అయితే చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. ముల్లు గీసుకున్న గాయం చాలు లోపలికి పోవడానికి.

పాత కొమ్మల మీది మచ్చల్లో తెగులు దాగి ఉన్నంత కాలం ఎంత మందు కొట్టినా ప్రతి చిగురుకూ తిరిగొస్తుంది. కాబట్టి ముందు కత్తెర, తర్వాతే స్ప్రేయర్. వేసవి కాపు కోసేశాక, వానలు పడకముందు, పొడి వాతావరణంలో గజ్జి కొమ్మలను, ఎండు పుల్లలను, మొదట్లో లేచే పిలకలను తీసేయండి. వానాకాలంలో కత్తిరిస్తే మనమే తెగులును అంటించినట్టు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేటప్పుడు కత్తెరను బ్లీచింగ్ నీళ్లలో ముంచండి. కూలోళ్లు విసుక్కుంటారు. ఒక డబ్బా నడుముకు కట్టి ఇస్తే వాళ్లే అలవాటు పడతారు. కత్తిరించిన రెమ్మలను, కింద రాలిన ఆకులను సాళ్లలో వదలకుండా కాల్చాలి.

కత్తిరించిన వెంటనే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి చెట్టంతా తడిసేలా కొట్టండి. తర్వాత వానాకాలంలో వచ్చే ప్రతి చిగురుకూ, సుమారు నెలకొకసారి కొట్టుకుంటూ పోవాలి. ఇందులో స్ట్రెప్టోసైక్లిన్ కలపమని ఇప్పటికీ చాలామంది చెబుతారు. నేను మానేశాను. అది క్షయ లాంటి మనుషుల జబ్బులకు వాడే స్ట్రెప్టోమైసిన్ ఉన్న మందు. పంటల్లో దాన్ని ఆపేయాలని కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులోనే ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. రేపు మన పిల్లలకు జ్వరమొస్తే పనిచేయాల్సిన మందును తోటలో పారబోయడం నాకు మనసొప్పదు. కత్తెర సరిగ్గా పడిన తోటలో రాగి మందు చాలు.

గజ్జికి దారి తెరిచేది ఆకుముడత పురుగు. లేత ఆకులో వెండి గీతల్లా మెలికలు తిరిగిన సొరంగాలు కనబడతాయి కదా, అదే. ఆ చిరిగిన పొర కింద గజ్జి బాగా పడుతుంది. చిగురు గోరంత ఉన్నప్పుడే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి, వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. ఆకు ముదిరాక, సొరంగాలు ఎండిపోయాక కొట్టడం వల్ల ఉపయోగం లేదు. యూరియా ఒకేసారి ఎక్కువ వేస్తే చిగురు ఆగకుండా వస్తుంది, పురుగూ గజ్జీ రెండూ దాని మీద బతుకుతాయి. నత్రజనిని విడతలుగా వేయండి.

మిగతావి

కాయ మీద గోధుమరంగు పొరలా వచ్చే మంగు అనేది తెగులు కాదు, కంటికి ఆనని నల్లి గీకిన గుర్తు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. మిట్టమధ్యాహ్నం కొట్టొద్దు, నూనె మందులు వాడిన దగ్గరి రోజుల్లో కొట్టొద్దు, ఆకు మాడుతుంది. కాయ మీద మంగు పడ్డాక పోదు, పిందె దశలోనే చూసుకోవాలి.

ఆకు పసుపెక్కితే అది ఆకలా, జబ్బా తేల్చుకోండి. జింకు లోపమైతే ఆకు చిన్నదవుతుంది, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపవుతుంది, నడి ఈనెకు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటుంది. లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేటు, 10 గ్రాముల యూరియా, 6 గ్రాముల సున్నం వడగట్టి కలిపి కొత్త చిగురు మీద కొడితే తేరుకుంటుంది. ఆకుకు ఒక పక్క ఒక రకంగా, ఇంకో పక్క ఇంకో రకంగా అడ్డదిడ్డంగా మచ్చలుంటే గ్రీనింగ్ అనే జబ్బని అనుమానించాలి. దాన్ని సిల్లా అనే చిన్న పురుగు మోస్తుంది. ఆ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి తోట గట్టున కరివేపాకు ఉంటే దాన్నీ చూస్తూ ఉండండి. లేత ఆకును ఎండకు ఎత్తి పట్టి చూసినప్పుడు ఈనెలు అక్కడక్కడ తెగినట్టు తెల్లగా కనబడితే ట్రిస్టెజా. అది పేనుబంక పురుగుల ద్వారా వచ్చే వైరస్ జబ్బు. ఈ రెండింటికీ మందు లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి. నిర్ధారించుకోవడానికి ఆకులు పెట్లూరు తీసుకెళ్లి చూపించండి, లేదా రైతు సేవా కేంద్రం ద్వారా ఉద్యాన అధికారిని పిలవండి. జబ్బేనని తేలితే చెట్టును తీసేసి మిగతా తోటను కాపాడుకోండి.

మందు కొట్టేటప్పుడు చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ, నిండు చేతుల చొక్కా ఉండాలి. గాలికి ఎదురుగా కొట్టొద్దు. పూత మీద తేనెటీగలు వాలే పొద్దున పూట పురుగు మందులు వద్దు, అవి లేకపోతే పిందె తగ్గుతుంది. డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కాయ కోయకండి. కొత్తగా ధర పెరిగిందని మందు కొట్టిన మర్నాడే కోసి బస్తాలు కట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నిమ్మకాయను కడక్కుండానే నీళ్లలో పిండుకుని తాగేవాళ్లు ఎందరో.

కొత్తగా తోట పెట్టేవాళ్లు మొక్క దగ్గరే సగం తెగుళ్లను ఆపొచ్చు. తిరుపతి నిమ్మ పరిశోధన స్థానం ఇచ్చిన బాలాజీ రకం గజ్జిని కొంతవరకు తట్టుకుంటుంది. పెట్లూరు సెలెక్షన్-1 కూడా మన నేలల్లో బాగా వచ్చే రకం. అంటు మొక్క కొంటే అంటు కట్టిన చోటు మట్టికి జానెడు పైన ఉండాలి, నాటేటప్పుడు అది మట్టిలో కూరుకుపోకూడదు. ఆకు మీద ఒక్క గజ్జి మచ్చ ఉన్నా ఆ మొక్క వద్దు. వేలెడు పొడుగు చిగురు చూసి మురిసిపోకండి, ఒక కవరు చింపి వేరు చూపించమని అడగండి. వేర్లు తెల్లగా, పీచుగా, వాసన లేకుండా ఉండాలి. చూపించనంటే ఇంకో నర్సరీకి పొండి.